పదిహేడు అడుగులు

“ఎన్ని అడుగులు?” అని అడిగాను.

బూట్ల మేస్త్రి దారానికి మైనం పట్టిస్తూ తల ఎత్తకుండానే చెప్పాడు. “పదిహేడమ్మా.”

“కలలో లెక్కపెట్టారా?”

“నలభై ఏళ్ళుగా కుట్లు లెక్కపెడుతున్నాను. అంగుళానికి ఎనిమిది. ఒక్కటి తగ్గినా నీళ్ళు దూరతాయి. చేతిలో పని లేకపోయినా లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. వానచినుకులు కూడా లెక్కపెడతానని మా అమ్మాయి నవ్వుతుంది.”

“పదిహేడు అయ్యాక?”

“మెలకువ వచ్చేస్తుంది.”

ఆ అంకె నోట్‌బుక్కులో వేసుకుని గడియారం చూశాను. మూడు కావడానికి పది నిమిషాలుంది. ఐదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈ మేస్త్రి చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకుని వెంట తీసుకుపోతాడు. నా చేతిలో ఉన్నది రెండు గంటల పది నిమిషాలు. అందులో సగం మేస్త్రి నోరు విప్పించడానికే పోయేలా ఉంది.

కేసు చూస్తే చిన్నదే. మేస్త్రి దుకాణం కింద, దాని మీద ఒంటిగది మేడ. ఆ గదిలో పదేళ్ళుగా ఒక టైపిస్టు ఉంటోంది. రాతప్రతులు తెచ్చిచ్చిన వాళ్ళకి టైపు చేసిపెట్టడం ఆవిడ పని. పోయిన గురువారం మధ్యాహ్నం రెండూ ముప్ఫై అయిదుకి మేస్త్రి కూతురు పైకి వెళ్ళేసరికి ఆవిడ మిషన్ పక్కన పడి ఉంది. తలకు దెబ్బ తగిలింది. పక్కనే సుత్తి ఉంది. ఆ సుత్తి మేస్త్రిది. ప్రాణం పోలేదు గాని, ఆరు రోజులుగా ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు.

గురువారం నుంచి మేస్త్రికి నిద్ర లేదు. కునుకు పడితే చాలు, ఎవరో తరుముతున్న కల. ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం వచ్చి కలల డాక్టరు దగ్గరికి పంపించాడు. పోలీసులు అప్పుడప్పుడూ సలహా అడిగే మనిషి ఆయన. మూడు రోజులు కూర్చోబెట్టి కల చెప్పించుకున్నాడు. నిన్న సాయంత్రం మేస్త్రి ఆయన ముందే, కొట్టింది నేనేనన్నాడు. డాక్టరు వెంటనే ఫోన్ తీశాడు.

ఇక నేను. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్ళు క్లెయిములు తనిఖీ చేశాను. కాలిన గోదాములకీ మునిగిన లారీలకీ అసలు టైము ఎంతో కనిపెట్టడమే పని. అందుకే ఇన్‌స్పెక్టర్ నన్ను గడియారం మేడమ్ అంటాడు. మేస్త్రి కూతురు వచ్చి ఏడిస్తే కేసు తీసుకున్నాను. “మీ ముచ్చట ఎందుకు కాదనాలి, ఐదింటిదాకా ఆగుతాను” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాటలో జాలి వినిపించి ఒళ్ళు మండింది.

“సుత్తి పైకి ఎలా వెళ్ళింది?” అని అడిగాను.

“నేనే పట్టుకెళ్ళాను.”

“పది రోజుల కిందట ఆవిడే పట్టుకెళ్ళింది పిన్నిగారూ,” అంది కూతురు గుమ్మం దగ్గర్నుంచి. ముప్ఫై ఏళ్ళుంటాయి. పక్క వీధి ఫొటో స్టూడియోలో పని. “కిటికీ రెక్క ఊడితే మేకు కొట్టుకోవడానికి. నేనే అందించాను.”

“నువ్వూరుకో అమ్మాయ్. పెద్దవాళ్ళ మధ్యలో నీకెందుకు?”

“ఊరుకునే పుట్టి మునిగింది నాన్నా!”

నేను చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాను. “కల చెప్పండి మేస్త్రిగారూ. మొదటిసారి ఎప్పుడొచ్చింది?”

“గురువారమే. మధ్యాహ్నం కునుకులో. రోజూ రెండింటికి ఈ బల్లమీద నడుం వాలుస్తాను. రెండూ ఇరవైకి లేస్తాను. ఆరోజు ముందే మెలకువ వచ్చింది. గడియారం రెండుంపావు చూపిస్తోంది.”

“కలలో ఏముంటుంది?”

“పొడుగాటి సందు. ముందు నేను, వెనక ఎవరో. వాళ్ళది పరుగు కాదు, నడకే, కాకపోతే తొందర నడక. నేను పరిగెడదామంటే కాళ్ళు కదలవు. కిందికి చూసుకుంటే చెప్పులుండవు. ఊరందరికీ కుట్టినవాణ్ణి, కలలో నా కాళ్ళకే లేవు చూడండి.”

నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. “అడుగుల చప్పుడు ఎలా ఉంటుంది?”

మైనం పట్టిస్తున్న చెయ్యి ఆగింది. “గుర్తులేదమ్మా.”

“లెక్క గుర్తుంది, చప్పుడు గుర్తులేదా?”

ఆయన దారం పళ్ళతో కొరికి తెంపాడు.

“పోనీ, ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా?”

“డాక్టరు బాబు వద్దన్నారు. తిరిగి చూస్తే గుండె ఆగిపోయినా ఆగిపోతుందట. అసలు కలే రాకుండా మాత్రలిచ్చారు.”

అదీ రాసుకున్నాను. తర్వాత ఎవరి అనుమతీ అడక్కుండా ఆయన బల్లమీద పడుకున్నాను. తల దగ్గర చెక్కగోడ. పలకల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందులున్నాయి.

“ఈ గోడ అవతల ఏముంది?”

“మేడమెట్లు. తలుపు పక్కసందులో ఉంటుంది.”

“ఎన్ని మెట్లు?”

“నాకేం తెలుసమ్మా? ఈ మోకాళ్ళతో ఎప్పుడైనా పైకెక్కితేగా!”

నేను లేచి కూర్చున్నాను. “ఎప్పుడూ పైకెక్కని మనిషి పైగదిలో ఆవిణ్ణి సుత్తితో ఎలా కొట్టారు మేస్త్రిగారూ?”

కూతురు గుమ్మం వదిలి లోపలికి వచ్చి తండ్రి పక్కన నిలబడింది. మేస్త్రి చేతిలో దారం ఉండ చుట్టుకుపోయింది.

“మీరు కొట్టలేదు,” అన్నాను. “ఎవరు కొట్టారో తెలుసనుకుంటున్నారు. వాళ్ళ బదులు పోదామనుకుంటున్నారు. అదేనా?”

“సంతకం పెడతానన్నాను కదమ్మా. ఇంకా ఎందుకు ఈ తవ్వకం?”

బతిమాలితే చెప్పే మనిషి కాదని తేలిపోయింది. గోడలు చూడటం మొదలుపెట్టాను. ఎదురు గోడంతా మేకులు, మేకుకో జత చెక్క అచ్చులు. ఒక్కో జతా ఒక్కో మనిషి పాదం కొలతకి చెక్కింది, మెడలో చీటీతో. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని కొత్తవి.

“ఇన్ని ఎందుకు దాచారు?”

కూతురు చెప్పింది. “మనిషి పోయేదాకా అచ్చు పారెయ్యకూడదని నాన్న పంతం. పోతే ఆ ఇంటివాళ్ళకి ఇచ్చేస్తారు. అచ్చు ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క.”

పైనుంచి రెండో వరసలో ఒక మేకు ఖాళీగా ఉంది. దాని కింద గోడ మీద రెండు పాదాల ఆకారం తెల్లగా మిగిలింది. చుట్టూ పొగా దుమ్మూ పట్టి, అక్కడ మాత్రం సున్నం మెరుస్తోంది. ఈ మధ్యే తీశారు.

“ఇవెవరివి?”

“చెదలు పట్టాయి. పారేశాను,” అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో అబద్ధం కొత్తజోడులా కరుస్తోంది.

బల్లకింద తోలుముక్కల పెట్టె ఉంది. చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికాను. తగిలాయి. ఆడమనిషి పాదాలు, సన్నవి. ఎడమ అచ్చు కింద ముప్పావంగుళం మందాన బెండు అతికించి ఉంది.

“ఇవి నావి!” అంది కూతురు.

అప్పటిదాకా ఆ అమ్మాయి కుంటుతుందని నాకు తెలియదు. ఎడమకాలు పుట్టుకతోనే పొట్టిదట. తండ్రి కుట్టిన జోడు వేసుకుంటే కన్నతల్లికి కూడా తెలిసేది కాదట. అంత మంచి పనివాడు ఆయన.

మేస్త్రి మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. మాటలు వేళ్ళ మధ్యనుంచి వచ్చాయి.

“అది మా ఇంటి నడకమ్మా. టక్కు, డప్పు. టక్కు, డప్పు. మంచి కాలికి ఇనుప లాడం, పొట్టి కాలికి బెండూ రబ్బరూ. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వింటూనే పనిచేశాను. కలలో వెనకనుంచి అదే వస్తోంది. నాకేం గుండెజబ్బు లేదు. తిరిగితే ఎవరి మొహం కనిపిస్తుందోనని తిరగలేదు.”

“నాన్నా!” ఆ పిల్ల తండ్రి చేతులు మొహంమీంచి లాగేసింది. “నేను కొట్టాననుకున్నావా? నేనా?”

“ఆపరేషన్ చేయించుకోమని ఆవిడ నీ వెంటపడిందిగా. ‘చచ్చినా నా కాలి జోలికి రాకండి’ అని నువ్వు అరిచావు. అది వీధంతా విన్నారు తల్లీ.”

“అరిచాను. మర్నాడు వెళ్ళి సారీ చెప్పాను. గురువారం పొద్దున కూడా మాట్లాడుకున్నాం. నువ్వు నన్ను అడగొచ్చుగా? ఒక్కమాట అడగొచ్చుగా నాన్నా?”

ఆయన అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం. ఆరు రోజులుగా ఆ భయమే ఆయన్ని సందుల్లో తరుముతోంది. నాకు ఆయన మీద కోపమూ జాలీ రెండూ ఒకేసారి వచ్చాయి. ఏడుపులకి టైము లేదు. మూడూ ఇరవై అయిదు.

“అమ్మాయ్, పద. పైగది చూపించు.”

పక్కసందు తలుపు తీసి చెక్కమెట్లు ఎక్కాను. లెక్కపెడుతూనే ఎక్కాను. పద్నాలుగోది, అంటే పైనుంచి అయిదోది, నా పాదం కింద పందిలా అరిచింది. ఉలిక్కిపడి కమ్మీ పట్టుకున్నాను.

“చెప్పడం మర్చిపోయాను,” అంది వెనకనుంచి. “ఆ పలక ఊడింది. తెలిసినవాళ్ళు దాటేస్తారు. ఇన్‌స్పెక్టర్ గారైతే పిస్తోలు మీద చెయ్యి వేశారు.”

“నువ్వు దాటవా?”

“నేను దాటలేను. ఏడేళ్ళప్పుడు మెట్లమీద పడ్డాను. అప్పట్నుంచి ప్రతి మెట్టుమీదా రెండు కాళ్ళూ పెట్టి నిలదొక్కుకున్నాకే రెండోదానికి వెళ్తాను. స్టూడియోలో చిన్నపిల్లలు కూడా వెక్కిరిస్తారు.”

నేను ఆగిపోయాను. మొత్తం మెట్లు పద్దెనిమిది. కలలో అడుగులు పదిహేడు. మనసులో ఏదో కదిలింది గాని, గది చూసేదాకా దాన్ని పక్కన పెట్టాను.

గదిలో మంచం, కుర్చీ, టైపు మిషన్. మిషన్‌లో ఉన్న కాగితాన్ని ఎవరో లాగేశారు, మూల చింపు రోలరుకే అంటుకుని ఉంది. పక్కన టైపు చేసిన పేజీల దొంతర. పైన ఉండాల్సిన పేరు పేజీ లేదు. రెండు నుంచి తొంభై ఆరు వరకూ ఉన్నాయి, అక్కడితో ఆఖరు. పోలీసులు వీటిని పాత కాగితాలనుకుని ముట్టుకోలేదు.

“ఇది ఎవరి పుస్తకం?”

“పేరు చెప్పలేదు. కలల గురించి అంది. గురువారం పొద్దున్న చిరాకుగా ఉంది. ‘ఆ కలలు కన్నవాళ్ళంతా బతికే ఉన్నారే, వాళ్ళ ఇంటి గుట్లన్నీ ఆనవాళ్ళతో సహా రాసేశాడు. ఇక టైపు చెయ్యనని చెప్పేస్తా, వాళ్ళకీ చెప్పేస్తా’ అంది.”

నిలబడే తిరగేశాను. నలభై మూడో పేజీలో తరిమే కలల సంగతి ఉంది. ‘భయానికి కాళ్ళుంటాయి గాని మొహం ఉండదు. కాబట్టి కలలో ఎవరైనా తరిమితే ఆగండి. వెనక్కి తిరగండి. ఎవరు నువ్వని అడగండి. నూటికి తొంభై మందికి ఆ కల మళ్ళీ రాలేదు.’

ఆ ఒక్క పేజీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“నేను కిందికి వెళ్తాను. అయిదు నిమిషాలాగి నువ్వు మామూలుగా దిగి రా,” అన్నాను ఆ అమ్మాయితో.

దుకాణంలో మేస్త్రిని బల్లమీద పడుకోమంటే ససేమిరా అన్నాడు. “వద్దమ్మా. ఆ చప్పుడు మెలకువలో వినలేను.”

“వినండి. లెక్కపెట్టండి. ఇరవై రెండేళ్ళ సర్వీసు మీద ఒట్టేసి చెబుతున్నాను, మీకు మంచే జరుగుతుంది.”

పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గోడ వెనక మొదలైంది. టక్కు, డప్పు. కాస్త ఆగి మళ్ళీ టక్కు, డప్పు. అయిదో మెట్టు దగ్గర పలక రెండుసార్లు అరిచింది. మేస్త్రి పెదవులు కదులుతున్నాయి. పదిహేడు దాటాయి. ఆయన కళ్ళు తెరిచాడు. ఇరవై దాటాయి. లేచి కూర్చున్నాడు. ముప్ఫై ఆరు దగ్గర ఆగింది.

“ముప్ఫై ఆరు,” అన్నాడు. “మెట్టుకి రెండు.”

“పలక కూడా అరిచింది. కలలో ఎప్పుడైనా అరిచిందా?”

“లేదు. ఒక్కసారి కూడా లేదు. నా లెక్క నా దగ్గరే ఉంది. పోల్చి చూసుకోలేదు. పనికిమాలిన వెధవని.”

కూతురు లోపలికి రాగానే ఆయన లేచి ఎదురువెళ్ళాడు. వంగి ఆ పిల్ల ఎడమ బూటు మీద రెండు చేతులూ పెట్టాడు. ఆ పిల్ల కాలు వెనక్కి లాక్కోబోయి లాక్కోలేదు. నేను గడియారం చూసుకున్నాను. నాలుగూ అయిదు.

పక్క కొట్టునుంచి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన మనసారా నవ్వాడు. “కలని బోనెక్కించి ప్రమాణం చేయిస్తారా మేడమ్? ఒప్పుకోలు ఒప్పుకోలే. కాదంటే కూతుర్ని కాపాడుకోడానికి మాట మార్చాడంటాను. అప్పుడు ఇద్దర్నీ తీసుకెళ్ళాలి.”

అంటే తండ్రిని విడిపించడానికి తీసిన తాడు కూతురి మెడకి పడబోతోంది. మూడో మనిషిని చూపించాలి, అదీ యాభై నిమిషాల్లో.

తిరిగొచ్చేసరికి కలల డాక్టరు దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శుభ్రమైన మనిషి, మెత్తటి గొంతు. ఖరీదైన పాంటు, పాపం ఏ దర్జీ కుట్టాడోగాని నేల ఊడ్చేంత పొడుగు. నేలంతా తోలుముక్కలు పరిచి ఉండటంతో ఆయన నడక చప్పుడు ఎవరికీ వినపడి ఉండదు.

“ఇన్‌స్పెక్టర్ రమ్మన్నారు,” అన్నాడు నాతో. “సంతకం అయ్యేదాకా ఈయన మనసు చెదరకుండా చూడాలి. మీరు చెదరగొడుతున్నారని విన్నాను.”

“కల అర్థం తెలుసుకుందామని వచ్చానండి.”

“తెలుసుకోడానికేముంది? మనిషి దేన్ని ఒప్పుకోలేడో అదే కలలో తరుముతుంది. చదవనివాణ్ణి పరీక్ష తరుముతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు చూశారా, పగలు తడుముకోనివాడు నిద్రలో తడుముకుంటాడు.”

“నన్ను కలలో ఎర్రావు ఒకటి తరుముతుంది. నేనేం దొంగిలించానంటారు?”

“చిన్నప్పుడు ఆవు తరిమి ఉంటుంది.”

“తరిమింది.”

“అయితే అది జ్ఞాపకం మేడమ్. తప్పు కాదు.”

“మేస్త్రిది మాత్రం జ్ఞాపకం ఎందుకు కాకూడదు? గురువారం రెండుంపావుకి ఈ గోడ వెనక ఎవరో దిగారు. ఈయన చెవి నిద్రపోలేదు. విన్నది కలలో కలిసింది.”

డాక్టరు చిరునవ్వు నవ్వాడు. పసిపిల్లకి ఓనమాలు దిద్దించే ఓపిక అందులో కనిపించింది. “జ్ఞాపకమైతే మొహం ఉంటుంది. మీ ఆవుకి ఉందిగా? ఈయన్ని తరిమేదానికి లేదు. భయానికి కాళ్ళుంటాయి గాని మొహం ఉండదు.”

నా సంచిలో మడిచిపెట్టిన నలభై మూడో పేజీ గుర్తొచ్చింది. అక్షరం పొల్లుపోలేదు. నేను తొందరపడలేదు.

“చక్కగా చెప్పారు. మరి వెనక్కి తిరిగి ఎవరో చూసుకోమని ఈయనకి చెప్పొచ్చుగా?”

“గుండెకి ప్రమాదం.”

“గుండె పరీక్ష చేశారా?”

“అనుభవం మేడమ్. ఇలాంటివాళ్ళు తిరగకూడదు. నేను ఎవరికైనా అదే చెబుతాను.”

“పైనున్న టైపిస్టు మీకు తెలుసా?”

“ఎలా తెలుస్తుంది? ఈ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు.”

“అయితే ఒక సాయం చెయ్యండి. పైగది ఒకసారి చూసి రండి. ఈయన కలకీ ఆ గదికీ ఏమైనా సంబంధం ఉందేమో మీ కంటికి ఆనుతుంది. ఏవో కలల కాగితాలు కూడా పడున్నాయి. పోలీసులు వాటిని ముట్టుకోలేదు, నాకూ అర్థం కాలేదు.”

ఆయన చూపు ఒక్కక్షణం పైకప్పుకి వెళ్ళి వచ్చింది. “మీ తృప్తి ఎందుకు కాదనాలి?” అంటూ లేచాడు. నాలుగూ నలభై.

ఆయన పక్కసందులోకి తిరగగానే మేస్త్రిని బల్లమీద పడుకోమన్నాను. ఈసారి మారుమాట లేకుండా పడుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాను. “లాడం ఒక కాలికీ బెండు ఒక కాలికీ వేసి ఎన్ని జతలు కుట్టారు?”

“మా అమ్మాయికి.” అని ఆగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “ఇంకొకటి. మూణ్ణెల్లయింది. పైనావిడే కాగితం మీద పాదాలు గీయించి తెచ్చింది. ఎవరికమ్మా అంటే, పొట్టికాలని నలుగురికీ తెలియడం ఇష్టంలేని పెద్దమనిషికి అంది. మనిషిని చూడకుండా కుట్టింది ఆ ఒక్క జతే. కూతురి భయంలో పడి అది తట్టనే లేదు నాకు.”

“అచ్చులు?”

కూతురు అప్పటికే గోడ దగ్గరుంది. చివరి వరసలో ఒక జత తీసి పట్టుకుంది. మగపాదాలు. కుడిదానికి బెండు. మెడలో చీటీ ఖాళీగా ఉంది.

గోడ వెనక డాక్టరు మెట్లెక్కే చప్పుడు మొదలైంది. టక్కు, డప్పు, టక్కు, డప్పు. పలక అరవాల్సిన చోట అరవలేదు. అడుగు దాన్ని దాటుకుని పై మెట్టుమీద పడింది. ఈ ఇంటి గడప మొదటిసారి తొక్కిన మనిషికి ఆ మెట్టు సంగతి ఎలా తెలిసిందో!

పైన అడుగులు అటూ ఇటూ తిరిగాయి. కాగితాల రెపరెప వినిపించింది. తర్వాత దిగడం మొదలైంది, తొందర నడకతో.

మేస్త్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. వేళ్ళు బల్లమీద ఒక్కో అడుగుకీ ఒక్కో దెబ్బ వేస్తున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు.

పదిహేడు.

ఆయన కళ్ళు తెరిచి, బల్లమీద పక్కకి ఒత్తిగిలి, గుమ్మం వైపు తిరిగి చూశాడు. ఆరు రోజుల్లో మొదటిసారి.

గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. కోటు ఎడమవైపు ఉబ్బెత్తుగా ఉంది. తొంభై నాలుగు పేజీలు మరి, ఆ మాత్రం ఉబ్బుతుంది.

“గదిలో ఏమీ లేదు మేడమ్,” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మేస్త్రి లేచి కూర్చున్నాడు. కొట్టుకి వచ్చిన ఏ మనిషినైనా పలకరించినట్టే, మర్యాదగా అడిగాడు.

“జోడు బాగా కుదిరిందా బాబూ? పాదం చూడకుండా కుట్టాను. కుడి బొటనవేలి దగ్గర నొక్కుతుందేమోనని నా అనుమానం.”

“కొద్దిగా. సాయంత్రమయ్యేసరికి...” అన్నాడు డాక్టరు.

అని ఆగిపోయాడు. తన కాళ్ళవంక చూసుకున్నాడు. ఆ అమ్మాయి చేతిలో అచ్చులవంక చూశాడు. నేను సంచిలోంచి నలభై మూడో పేజీ తీసి మడత విప్పాను. ఆయన మొహంలో రంగు ఒక్కొక్క చుక్కే దిగిపోయింది. మెత్తటి గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

“వెనక్కి తిరగొద్దని చెప్పాను కదయ్యా నీకు,” అన్నాడు మేస్త్రితో. మరుక్షణం కాళ్ళకి బుద్ధి చెప్పాడు.

నేను కుర్చీ పక్కకి తన్ని వెంటపడబోయాను. మేస్త్రి నా దారికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“కంగారు పడకండమ్మా. అది నడవడానికి కుట్టిన జోడు. పరుగుకి కాదు.”

సందులో రాళ్ళమీద చప్పుడు దూరమవుతోంది. టక్కు, డప్పు, టక్కు, డప్పు. మేస్త్రి తల పక్కకి వంచి పైకే లెక్కపెట్టాడు. “తొమ్మిది. పది. పదకొండు.”

పన్నెండోది రాలేదు. ధబ్బుమని బరువు పడిన చప్పుడు, వెనకే కాగితాలు చెదిరిన చప్పుడు. సందు మొదట్లో జీపు ఆగింది. నాలుగూ యాభై అయిదు. నేనెరిగినంతలో ఇన్‌స్పెక్టర్ టైముకంటే ముందు రావడం ఇదే మొదలు.

“బెండు ఊడినట్టుంది,” అన్నాడు మేస్త్రి.

తర్వాత కూతురివైపు తిరిగాడు. తోలుముక్కల పెట్టె పక్కన పడున్న సన్నటి అచ్చులు తీసి, పంచె చెరుగుతో దుమ్ము తుడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

“వీటిని మేకుకి తగిలించు తల్లీ.”